అప్పగించిన సొమ్ములో లోటు కనబడినప్పుడు

(సంఘ సభ్యులకు, పాలకవర్గాలకు ఒక పాఠం)



పశువులకు వచ్చే జబ్బులను గురించి, పచ్చిమేతను గురించి, వెన్న శాతం తగ్గకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను గురించి ఈ పత్రికలో మీరు తరచుగా చదువుతూనే ఉన్నారు. ఈసారి సంఘానికే వచ్చే ఒక జబ్బును గురించి చెప్పుకుందాం. మనం నమ్మి ఒకరి చేతిలో పెట్టిన సొమ్ము పెట్టినచోట లేదని తెలిసిన రోజున ఏం చేయాలి? ఆ రోజు రాకుండా ముందే ఎలా పసిగట్టాలి?

ఇది ఎవరికీ ఇష్టమైన సంగతి కాదు. మన ఊళ్ళో అటువంటిది జరగదని ప్రతి ఊరివారూ అనుకుంటారు. జరిగిన ఊరివారు కూడా ముందురోజు వరకు అలాగే అనుకున్నారు. మా ఉద్యోగ జీవితంలో ఎన్నో సంఘాలను తనిఖీ చేశాము. వాటిలో మేము స్వయంగా పొరపాటు చేసిన సంఘం ఒకటి ఉన్నది. ఆ సంగతినే ఈ పాఠానికి ఆధారంగా తీసుకుంటున్నాము. ఊరి పేరు, మనుషుల పేర్లు మాత్రం చెప్పడం లేదు.

జరిగిన సంగతి

2003 వేసవి. మా పరిధిలోని ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం. పాలు పోసేవారు నూట నలభై మంది వరకు ఉండేవారు. రెండు పూటలా కలిపి 420 లీటర్ల పాలు వచ్చేవి. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు. ఆ రోజుల్లో బిల్లు సొమ్మును కార్యదర్శి బ్యాంకు నుంచి నగదుగా తెచ్చి, సంఘం అరుగు మీద కూర్చుని, పేరుపేరునా పిలిచి పంచేవాడు.

ఆ కార్యదర్శి పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ముత్యాల్లాంటి దస్తూరి. నగదు పుస్తకంలో ఒక్క కొట్టివేత కనబడేది కాదు. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాసిపెట్టేవాడు.

ఆ ఊళ్ళో రెండు గేదెలున్న ఒక తల్లి ఉన్నది. భర్త లేడు. కూతురి కాన్పుకని నెల రోజులు వేరే ఊరు వెళ్ళింది. వెళ్ళేముందు పోసిన పాలకు రావలసిన పక్షం బిల్లు 612 రూపాయలు తీసుకోకుండానే వెళ్ళింది. తిరిగి వచ్చి అడిగితే కార్యదర్శి, “తీసుకున్నావు గదమ్మా, ఇదిగో నీ వేలిముద్ర” అని రిజిస్టరు చూపించాడు.

“నేను సంతకం పెడతాను గదయ్యా. రాత్రి బడిలో నేర్చుకున్నప్పటి నుంచి వేలు ముంచలేదు” అన్నది ఆమె.

అరుగు మీద ఉన్నవారు నవ్వారు. వయసు మీద పడింది, మరచిపోయి ఉంటుంది అన్నారు. పుస్తకం అబద్ధం చెప్పదు గదా అన్నారు. ఆమె ఇంటికి వెళ్ళి, ఎవరిచేతనో ఒక కార్డు రాయించి మా కార్యాలయానికి పంపింది. రాత ఎవరిదో. కింద సంతకం మాత్రం ఆమెదే. వంకర టింకర అక్షరాలు, కాని సంతకం.

ఆ కార్డు చేతికి వచ్చినప్పుడు మాకు కలిగినది కోపం కాదు, భయం. ఎందుకో చెబుతాము. అంతకు మూడు నెలల ముందే ఆ సంఘాన్ని తనిఖీ చేసి వచ్చాము. పుస్తకాలన్నీ చూశాము. చేతి నిల్వ చూపించమని అడిగితే, “ఇక్కడ బీరువా సరిగా లేదండి, డబ్బు ఇంట్లో పెట్టాను. భోజనం చేసి వెళ్దురుగాని, అక్కడే చూపిస్తాను” అన్నాడు. భోజనం చేశాము. బస్సు వేళ అయింది. డబ్బు లెక్క పెట్టలేదు. కాని తనిఖీ పుస్తకంలో “నగదు నిల్వ సరిచూడడమైనది” అని రాసి సంతకం పెట్టాము. ఆ తల్లి సంతకం వంకరగా ఉన్నా నిజమైనది. మా సంతకం గుండ్రంగా ఉన్నా అబద్ధమైనది.

ముందుగా కబురు చేయకుండా, మరునాడు తెల్లవారి పాలు పోసే వేళకు వెళ్ళాము. అక్కడ ఇంకొక సంగతి తెలిసింది. సొమ్ములో ఏదో తేడా ఉన్నదని ఊళ్ళో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. అనుమానం పాలు పరీక్షించే కుర్రవాడి మీద పడింది. కారణం, అతడు ఆ నెలలోనే టీవీ కొన్నాడు. పాలకవర్గం తీర్మానమైనా లేకుండా అతడిని వారం క్రితమే పనిలోకి రావద్దన్నారు. ఆ టీవీ అతడి బావమరిది కువైట్ నుంచి పంపిన డబ్బుతో కొన్నదని తరువాత తేలింది. అప్పటికి ఆ వారం రోజులూ అతడి భార్య నీళ్ళకు బావి దగ్గరికి వెళ్ళలేక ఇబ్బంది పడింది.

అధ్యక్షుడిని, ఇద్దరు పాలకవర్గ సభ్యులను, ఇద్దరు మామూలు సభ్యులను కూర్చోబెట్టి, కార్యదర్శి ఎదుటనే పెట్టె తెరిపించాము. నగదు పుస్తకం ప్రకారం చేతి నిల్వ 23,416 రూపాయలు ఉండాలి. పెట్టెలో నగదు 3,180 రూపాయలు ఉన్నది. నోట్ల కింద ఏడు చీటీలు ఉన్నవి. అవి చేబదులు చీటీలు. మొత్తం 8,600 రూపాయలు. అందులో 5,000 రూపాయల చీటీ మీద సంతకం మా పక్కనే కూర్చున్న అధ్యక్షుడిది. ఇవన్నీ పోగా 11,636 రూపాయలకు ఆచూకీ లేదు.

తరువాత నాలుగు రోజులు రెండేళ్ళ పుస్తకాలు తిరగవేశాము. ఊరు వెళ్ళినవారివి, ఆలస్యంగా వచ్చేవారివి, అడగనివారివి, మొత్తం 31 బిల్లులు దొంగ వేలిముద్రలతో చెల్లించినట్టు రాసి ఉన్నవి. వాటి మొత్తం 14,270 రూపాయలు. దాణా స్టాకులో 46 బస్తాలకు లెక్క లేదు. బస్తా 275 రూపాయల చొప్పున 12,650 రూపాయలు. అధ్యక్షుడి చీటీ, మిగతా చీటీలు పక్కన పెట్టినా లోటు 38,556 రూపాయలకు తేలింది. ఆనాడు ఆ ఊళ్ళో అది మంచి పాడిగేదెలు రెండు కొనగలిగిన సొమ్ము.

కార్యదర్శి కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. నాలుగేళ్ళ క్రితం భార్య ఆపరేషనుకు పెట్టెలోంచి రెండు వేలు తీశాడట. నెలలో పెట్టేద్దామనుకున్నాడట. పెట్టలేకపోయాడు. ఆ లోటు కనబడకుండా ఈ పక్షం బిల్లు సొమ్మును గత పక్షానికి, వచ్చే పక్షం సొమ్మును ఈ పక్షానికి సర్దుతూ వచ్చాడు. అధ్యక్షుడు చేబదులు అడిగిన రోజు నుంచి అధ్యక్షుడికి తనను అడిగే నోరు లేదని గ్రహించాడు. అక్కడి నుంచి భయం పోయింది.

సొమ్ము పోయే దారులు

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి అంటారు. కాని కంచె ఒక్కరోజులో చేనంతా మేయదు. పాల సంఘాలలో సొమ్ము పోయే దారులు కొన్నే ఉన్నవి. అవి తెలిసి ఉంటే కనిపెట్టడం కష్టం కాదు.

ఒకటి, తీసుకోని బిల్లులు. సభ్యుడు ఊళ్ళో లేనప్పుడు, చనిపోయినప్పుడు, పాలు పోయడం మానేసినప్పుడు ఆఖరి బిల్లు మిగిలిపోతుంది. అడిగేవారు లేని సొమ్ము మీదనే మొదట చెయ్యి పడుతుంది.

రెండు, దాణా. బస్తాలు అప్పుగా ఇచ్చి, బిల్లులో కోత పెట్టి, ఆ కోతను జమ చేయకపోవడం ఒక పద్ధతి. నగదుకు అమ్మి రసీదు ఇవ్వకపోవడం మరొకటి.

మూడు, ఊళ్ళో అమ్మిన పాలు, పరీక్షకు తీసిన నమూనా పాలు. రోజుకు రెండు లీటర్లు తక్కువ రాస్తే ఎవరూ గమనించరు. ఏడాదికి అది 730 లీటర్లు.

నాలుగు, లేని పాలు, లేని సభ్యులు. కొందరి పాలలో కొలత తగ్గించి, వెన్న ఒక గీత తగ్గించి, ఆ మిగులును మరొక పేరున రాయడం. ఇది పది మంది దగ్గర పావలా చొప్పున తీసే దొంగతనం. ఎవరికీ నొప్పి తెలియదు.

ఐదు, చేబదులు. ఇది దొంగతనం అని ఎవరూ అనుకోరు. అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాళ్ళు సహకార దుకాణం పెట్టినప్పుడు అప్పు బేరం వద్దు, నగదు బేరమే అని నియమం పెట్టుకున్నారు. వారు పేదవారే, అప్పు అవసరం తెలిసినవారే. అయినా పెట్టుకున్నారు. పదిమంది సొమ్ము ఒకరి అవసరానికి, అది ఎంత న్యాయమైన అవసరమైనా, తీర్మానం లేకుండా కదలకూడదు.

ఈనాడు చాలా సంఘాలలో కంప్యూటరు తూకం, యంత్రంతో వెన్న పరీక్ష వచ్చినవి. బిల్లు సొమ్ము నేరుగా సభ్యుల బ్యాంకు ఖాతాలలో పడుతున్నది. ఇది మంచిదే. నగదు పెట్టె దారి చాలావరకు మూసుకున్నది. కాని మిగిలిన దారులు మూసుకోలేదు. యంత్రం చూపిన అంకెకు బదులు చేతితో వేరే అంకె కొట్టవచ్చు. సభ్యుడి ఖాతా నంబరుకు బదులు బంధువు ఖాతా నంబరు చేర్చవచ్చు. పాలు పోయని కోడ్ నంబరు మీద పాలు ఎక్కించవచ్చు. పుస్తకం అబద్ధం చెప్పదని 2003లో ఆ అరుగు మీదివారు అనుకున్నట్టే, కంప్యూటరు అబద్ధం చెప్పదని ఈనాడు మనం అనుకుంటే అదే పొరపాటు.

మూడు సరిచూపులు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. మనిషిని అనుమానించి పట్టడం కష్టమే. అంకెను అంకెతో సరిచూస్తే మనిషిని అనుమానించవలసిన పనే ఉండదు. ప్రతి సంఘంలోనూ ఈ మూడు సరిచూపులు అలవాటు కావాలి.

మొదటిది పాలకు పాలు. ఆ పూట సభ్యులు పోసిన మొత్తం ఒక పక్క వేయండి. కేంద్రానికి పంపిన పాలు, ఊళ్ళో అమ్మిన పాలు, నమూనాకు తీసిన పాలు మరొక పక్క వేయండి. కేంద్రం నుంచి వచ్చే ట్రక్‌షీట్‌తో పోల్చండి. కొద్దిపాటి తేడా సహజం. ఒకే వైపు, ఒకే మోతాదులో, రోజూ వచ్చే తేడా సహజం కాదు. వెన్న శాతాన్ని కూడా ఇదే విధంగా పోల్చాలి. సభ్యుల సగటు కంటే కేంద్రంలో ఎప్పుడూ ఎక్కువ వస్తున్నదంటే మన దగ్గర ఎవరికో తక్కువ రాస్తున్నారన్నమాట.

రెండవది సొమ్ముకు సొమ్ము. నగదు పుస్తకంలోని నిల్వకు పెట్టెలోని నగదు సరిపోవాలి. సంఘం బ్యాంకు లెక్కకు బ్యాంకు ఇచ్చే లెక్క సరిపోవాలి. వారానికి ఒకసారి, ఒకే వారం ఒకే రోజున కాకుండా, పాలకవర్గ సభ్యులలో ఇద్దరు వంతులవారీగా లెక్కించి సంతకం చేయాలి. డబ్బు ఇంట్లో ఉన్నది, రేపు తెస్తాను, మధ్యాహ్నం చూపిస్తాను అంటే ఆ మాటను ఆ విధంగానే పుస్తకంలో రాయండి. లెక్కించకుండా లెక్కించినట్టు మాత్రం రాయవద్దు. ఆ మాట మేము అనుభవం మీద చెబుతున్నాము.

మూడవది మనిషికి మనిషి. సంఘం రిజిస్టరులోని అంకెకు సభ్యుడి చేతిలోని పాస్‌పుస్తకం, చీటీ, లేదా ఫోనుకు వచ్చిన సందేశం సరిపోవాలి. ఇది పాలకవర్గం చేసే పని కాదు, మీరు చేసే పని. చదువు రానివారు ఇంట్లో బడికి వెళ్ళే పిల్లల చేత చదివించుకోండి. పాస్‌పుస్తకం కార్యదర్శి దగ్గరే వదిలి వెళ్ళే అలవాటు మానండి. నెలకు పదిమంది సభ్యుల పుస్తకాలు ఏరి, వారి ఎదుట రిజిస్టరుతో పోల్చి చూడడం పాలకవర్గం చేయవలసినది.

కార్యదర్శి మీద నమ్మకం లేకనా ఇదంతా అని కొందరు అడుగుతారు. నిజాయితీగా పనిచేసే కార్యదర్శికి ఈ సరిచూపులే రక్ష. రేపు ఊళ్ళో గుసగుస లేస్తే, ఆ టెస్టర్ కుర్రవాడి గతి తనకు పట్టకుండా కాపాడేది ఇద్దరు సభ్యుల సంతకం ఉన్న ఆ వారపు లెక్కే.

బయటపడిన రోజు చేయవలసిన పనులు

లోటు కనబడిన గంటలో మనసు నిలవదు. అరుపులు లేస్తాయి. ఆ గంటలో చేసే పనుల మీదనే సొమ్ము తిరిగి రావడం, రాకపోవడం ఆధారపడి ఉంటుంది. అందుచేత వరుస తప్పకుండా చేయవలసినవి ఇవి.

1. పాల సేకరణ ఆపవద్దు. గేదె మన తగాదా తీరేదాకా ఆగదు. తూకానికి, పరీక్షకు వెంటనే వేరొకరిని నియమించండి.

2. దొంగ ఎవరో తేల్చకముందు లోటు ఎంతో తేల్చండి. కనీసం ముగ్గురు సభ్యుల ఎదుట, బాధ్యుడి ఎదుటనే, ఏ నోట్లు ఎన్నో రాస్తూ నగదు లెక్కించండి. చీటీలను నగదుగా లెక్కించవద్దు. విడిగా జాబితా రాయండి. అందరి సంతకాలు తీసుకోండి. బాధ్యుడు సంతకం పెట్టనంటే, పెట్టనన్నాడని రాసి మిగతావారు సంతకం చేయండి.

3. నగదు పుస్తకంలో ఆఖరి పద్దు కింద గీత గీసి, నిల్వను అంకెలలోను అక్షరాలలోను రాసి సంతకాలు చేయండి. ఆ గీతకు పైన ఆ తరువాత ఎవరూ కలం పెట్టకూడదు.

4. పుస్తకాలు, ఓచర్లు, రసీదు పుస్తకాలు, ట్రక్‌షీట్లు, స్టాకు రిజిస్టరు, చెక్కు పుస్తకం జాబితా రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో రాయండి. కంప్యూటరు ఉన్న సంఘాలలో లెక్కల నకలు తీయించి, రహస్య సంకేతం మార్పించండి.

5. అదే రోజు బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి, పాత సంతకం మీద చెల్లింపులు ఆపించండి. ఖాతాకు జతపరచిన ఫోను నంబరు ఎవరిదో చూసుకోండి. ఈ రోజుల్లో చెక్కు కంటే ఫోను పెద్ద తాళంచెవి.

6. పాలకవర్గ అత్యవసర సమావేశం జరిపి తీర్మానం రాయండి. యూనియన్‌కు, జిల్లా సహకార అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాట చాలదు.

7. సభ్యులను సమావేశపరచి, తెలిసినంతవరకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ప్రతి సభ్యుడూ తన పాస్‌పుస్తకం తెచ్చి సరిచూసుకోవాలని కోరండి. మనం చెప్పకపోతే ఊరు చెబుతుంది. ఊరు చెప్పే లెక్కలో సున్నాలు ఎక్కువ.

చేయరాని పనులు

“పోనీ, సొమ్ము కట్టేస్తాడు, పుస్తకాలు సరిచేసి గుట్టుగా ముగిద్దాం” అనే మాట ఎప్పుడూ వస్తుంది. మంచి మనసుతోనే వస్తుంది. కాని దిద్దిన పుస్తకంలో సాక్ష్యం పోతుంది, పూర్తి లోటు ఎంతో ఎప్పటికీ తేలదు, దిద్దినవారు కూడా నేరంలో భాగస్థులవుతారు. కడతానంటే కట్టించుకోండి. సంఘం ఖాతాలో వేయించి, రసీదు ఇచ్చి, ఫలానా లోటు కింద జమ అని రాయండి. ఇక ఏ బాకీ లేదని మాత్రం కాగితం రాసి ఇవ్వవద్దు.

సొమ్ము ఇంట్లో ఉన్నది, తెస్తానంటే ఒంటరిగా పంపవద్దు. చెయ్యి చేసుకోవద్దు. కొట్టి రాయించుకున్న ఒప్పుకోలు నిలవదు, పైగా కేసు మన మీదికే తిరుగుతుంది. ఊరి పెద్దల జరిమానాతో సరిపెట్టుకోవద్దు. అది ఊరి సొమ్ము కాదు, పాలు పోసినవారి సొమ్ము.

చట్టం ఏం చెబుతున్నది

మన సంఘాలలో కొన్ని 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద, కొన్ని 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదై ఉన్నవి. మీ సంఘం ఏ చట్టం కిందిదో ముందు తెలుసుకోండి.

1964 చట్టంలో 50వ సెక్షను ఆడిట్‌ను, 51వ సెక్షను విచారణను, 52వ సెక్షను తనిఖీని గురించి చెబుతాయి. 60వ సెక్షను సర్‌చార్జిని గురించినది. సొమ్ము దుర్వినియోగం చేసినవారి నుంచే కాక, నమ్మకద్రోహం వల్ల గాని, తెలిసి చేసిన నిర్లక్ష్యం వల్ల గాని సంఘానికి నష్టం తెచ్చినవారి నుంచి కూడా వడ్డీతో రాబట్టడానికి ఈ సెక్షను వీలు కల్పిస్తుంది. అంటే చూడకుండా సంతకం పెట్టిన పాలకవర్గ సభ్యుడు కూడా దీనికి అతీతుడు కాడు. 1995 చట్టం కింది సంఘాలకు స్వేచ్ఛ ఎక్కువ. బయటివారి కాపలా తక్కువ కాబట్టి లోపలి కాపలా మరింత గట్టిగా ఉండాలి.

ఇది పోలీసు నేరం కూడా. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 316వ సెక్షను అప్పగించిన ఆస్తి విషయంలో నమ్మకద్రోహాన్ని గురించినది. గుమాస్తా లేదా ఉద్యోగి చేసిన ద్రోహానికి ఏడేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. దొంగ పద్దులు రాయడం 344వ సెక్షను కింద వేరే నేరం, దానికీ ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

చివరకు ఏమయింది

ఆ సంఘం సంగతి ముగించాలి. అధ్యక్షుడు తన 5,000 రూపాయలు మరునాడే కట్టి రాజీనామా చేశాడు. మిగతా చీటీల సొమ్ము నెలలో వచ్చింది. కార్యదర్శి కొంత పొలం అమ్మి 25,000 రూపాయలు కట్టాడు. మిగిలిన 13,556 రూపాయలకు సర్‌చార్జి చర్యలు, పోలీసు కేసు నడిచినవి. మాకు మెమో వచ్చింది. ఒక వార్షిక ఇంక్రిమెంటు ఆగింది. ఇందులో మాకు అన్యాయం జరిగిందని ఏనాడూ అనుకోలేదు.

టెస్టర్‌ను ఆ రోజే పనిలోకి పిలిపించాము. మరునాడు ఉదయం పాలు పోసే వేళకు కార్యదర్శి భార్య క్యాను పట్టుకుని వచ్చి వరుసలో నిలబడింది. ఆమె పాలు కొలవవద్దని నలుగురు గట్టిగా అన్నారు. ఆమె కూడా సభ్యురాలే, ఆమె గేదె ఏ నేరమూ చేయలేదు, కొలవండి అని చెప్పాము. ఎవరూ కదలలేదు. ఆ టెస్టర్ కుర్రవాడే లేచి క్యాను అందుకుని కొలిచాడు, నమూనా తీశాడు, అంకెను పైకి చదివి పుస్తకంలో రాశాడు. తప్పు చేసినవారిని చట్టానికి అప్పగించాలి. వారి ఇంటివారిని ఊరికి అప్పగించకూడదు.

612 రూపాయలు ఆ తల్లికి పాలకవర్గం ఎదుట చెల్లించాము. సంతకం పెట్టి డబ్బు తీసుకున్నది. “డబ్బు పోయినందుకు కాదయ్యా నా బాధ. నా మాట కంటే ఆ పుస్తకం మాటే నమ్మారు” అన్నది. అరుగు మీద ఆ రోజు నవ్వినవారిలో కొందరు అక్కడే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఏడాది కొందరు సభ్యులు ప్రైవేటు వ్యాపారికి పాలు పోయడం మొదలుపెట్టారు. 420 లీటర్ల సంఘం 260 లీటర్లకు దిగింది. మళ్ళీ 400 దాటడానికి రెండేళ్ళు పట్టింది. పోయిన సొమ్ములో చాలావరకు కొన్ని నెలలలోనే తిరిగి వచ్చింది. పోయిన నమ్మకం ఆ రెండేళ్ళలో కొద్దికొద్దిగా వచ్చింది. అది కూడా ప్రతి వారం పెట్టెను నలుగురి ఎదుట తెరిచి లెక్కించినందువల్లనే వచ్చింది.

మీ సంఘంలో ఎవరైనా సభ్యుడు వచ్చి నా లెక్క తేడాగా ఉన్నదంటే, దయచేసి నవ్వకండి. ముందు పుస్తకం తెరవండి, తరువాత పెట్టె తెరవండి.

పాలకవర్గ సమావేశంలో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో నగదును ఆఖరుసారి ఎవరు, ఏ తేదీన లెక్కించారు? సంతకాలు ఉన్నవా?

2. తీసుకోని బిల్లులు ఎన్ని ఉన్నవి? ఆ సొమ్ము ఇప్పుడు ఎక్కడ ఉన్నది?

3. పెట్టెలో చీటీలు ఉన్నవా? ఉంటే ఎవరివి? ఎప్పటిలోగా వసూలు చేస్తాము?

4. గత పక్షం సభ్యులు పోసిన పాలకు, ట్రక్‌షీట్లకు తేడా ఎంత? ఆ తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తున్నదా?

5. బిల్లు సొమ్ము పడే బ్యాంకు ఖాతాల జాబితాను సభ్యుల పేర్లతో ఎప్పుడు సరిచూశాము?

6. తన లెక్క తప్పని చెప్పే సభ్యుడి ఫిర్యాదు రాసుకోవడానికి మన సంఘంలో ఒక పుస్తకం ఉన్నదా?

ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు మినిట్సు పుస్తకంలో రాసి, రాబోయే సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలసినదిగా మనవి.